మారు ముద్ద

పెళ్ళి ఫోటోలో మా నాయన నిలబెట్టిన చెరుకు గడలా ఉంటాడు. చొక్కా భుజాల మీంచి జారిపోతున్నట్టుంటుంది. గొంతు దగ్గర బొత్తాం పెట్టుకున్నా ఇంకో మెడ పట్టేంత సందు. చిత్తూరు బెల్లం మండీలో గల్లాపెట్టె ముందు బొజ్జ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న షావుకారూ, ఈ ఫోటోలో మనిషీ ఒకరేనంటే కొత్తవాళ్లు నమ్మేవాళ్లు కారు. మధ్యలో జరిగిందంతా మా అమ్మ చేతి పని.

అమ్మది పూతలపట్టు అవతల మెట్ట పల్లె. వేరుశెనగ, రాగి తప్ప ఇంకేమీ పండని నేల. ఆమె కాపురానికి వచ్చిన రోజు మా అవ్వ, అంటే నాయన తల్లి, కోడల్ని వంటింట్లోకి తీసుకుపోయి, "మావాడు కూడు సరింగా తినడు. వాణ్ని నీ చేతిలో పెట్టినా. రవంత మనిషిని చెయ్యమ్మా," అనిందట. అవ్వ మామూలుగానే అని ఉంటుంది. అత్తలందరూ అనే మాటే. మా అమ్మ మాత్రం దాన్ని మొక్కుబడిలా పట్టుకుంది.

మా ఇళ్లల్లో ఒకసారి వడ్డించి ఊరుకోరు. మొదట పెట్టింది ఆకలికి, రెండోసారి పెట్టేది మర్యాదకు. ఆ రెండో వడ్డన పేరు మారు. మారు పెట్టకపోతే పెట్టిన ఇంటికి పేరు పోతుంది. పెట్టించుకోకుండా లేస్తే తిన్నవాళ్లు అలిగి లేచినట్టు లెక్క. కొత్తల్లుడైనా సరే, గోడకు సున్నం కొట్టడానికి వచ్చిన మనిషైనా సరే, మారు పడకుండా మా అమ్మ ముందు నుంచి లేచినవాళ్లు లేరు. మా ఇంట్లో మారు అంటే గరిటెడు అన్నం కాదు. ఇంకొక రాగి సంగటి ముద్ద. పొగలు కక్కుతున్న సంగటిని అమ్మ తడి గిన్నెలో వేసి గిరగిరా తిప్పి, మొదటిదానికి ఏమాత్రం తీసిపోని ముద్ద చేసి, అరచేతిలో పెట్టుకుని నాయన పక్కన నిలబడేది. నాయన తల ఎత్తకుండా కంచం కొంచెం ముందుకు జరిపేవాడు. అంతే, పని జరిగిపోయేది.

బొజ్జ పెరిగే కొద్దీ అమ్మ ముఖం వెలిగిపోయేది. మిషన్ కుట్టేవాడితో, "లోపల గుడ్డ రవంత జాస్తి మడిచి పెట్టప్పా, మా ఇంటాయన ఇంగా ఒళ్లు చేస్తాడు," అని ముందే చెప్పేది. ఉగాదికి ముందు చొక్కాల పక్క కుట్లు విప్పి, ఆ మడిచిన గుడ్డ వదిలి మళ్లీ కుట్టడం ఆమెకు పండగ పనుల్లో ఒకటి. చుట్టుపక్కల ఆడవాళ్లకు కనిపించాలనే వాకిట్లో కూర్చుని మరీ కుట్టేది.

మాకూ ఆ బొజ్జంటే ఇష్టమే, అబద్ధమెందుకు. చిన్నప్పుడు దాని మీద పలక ఆనించుకుని అక్షరాలు దిద్దాను. మధ్యాహ్నం ఆయన పడుకుంటే దాని మీద తల పెట్టుకుని పడుకునేదాన్ని. ఆయన నవ్వితే నా తల ఎగిరేది. ఊళ్లో కూడా బొజ్జకు మర్యాద ఉండేది. పల్లెల నుంచి బెల్లం బండ్లు తోలుకొచ్చే రైతులు, "బక్కోనికి సొంత కడుపు నింపుకోనే సాలదు, మనకేమిస్తాడు?" అని ఏకంగా మా మండీకే వచ్చేవాళ్లు.

నేను తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న రోజుల్లో, ఎనభైల మొదట్లో, నాయనకు దాహం పట్టుకుంది. కుండలో నీళ్లు ఆయన ఒక్కడికే చాలేవి కావు. పెరట్లో ఆయన ఒంటేలుకు పోయిన చోట చీమలు బారు కట్టడం అమ్మే మొదట చూసింది. దానికి తోడు బెల్లం పెట్టె మేకు గుచ్చుకుని కాలి బొటనవేలికి అయిన గాయం ఎన్నాళ్లకూ మానలేదు. మండీ వీధిలోనే ఇంకో షావుకారుకు ఇలాగే చిన్న పుండుతో మొదలై కాలు మోకాటి దాకా తీసేశారు. ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆ ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే నాయన ఎదురుగా పలకరించి, రెండడుగులు దాటాక తలపాగా తీసి ముఖం తుడుచుకునేవాడు. తన కాలి సంగతి మాత్రం ఎవరితోనూ ఎత్తేవాడు కాదు.

చిత్తూరులో డాక్టరు చూసి చక్కెర జబ్బని తేల్చి, మాత్రలిచ్చి, తీపి మానెయ్యమన్నాడు. ఇంకేం, మా ఇంటికి శత్రువు దొరికింది. బెల్లం. మండీలో ఏ బండి వచ్చినా దిమ్మె అంచు విరిచి నాలుక మీద వేసుకుని చూడటం షావుకారు పని. ఉప్పు తగిలిందా, పాకం మాడిందా, నాలుకే చెప్పాలి. ఆ పని నాయన తన తమ్ముడికి, అంటే మా చిన్నాయనకు అప్పగించి, తను రంగు చూసి, వేలితో తట్టి సరిపెట్టుకునేవాడు. తమ్ముడు చప్పరిస్తుంటే ఈయన గుటకలు మింగేవాడు. అది చూడలేక సెలవుల్లో కూడా నేను మండీకి పోవడమే మానేశాను.

అమ్మ ఆయన్ను చూసి ఉసూరుమనేది. "పాపం, నోరు సప్పబడి పోయుండాది మీ నాయనకు," అని నాతో అనేది. చప్పబడిన నోటికి ఏదో ఒకటి పెట్టాలి కదా. చక్కెర లేని టీ ఇచ్చి, పక్కన గిన్నెడు మురుకులు పెట్టేది. వేరుశెనగ విత్తనాలు వేయించి నూరిన ఊరుబిండి, దాని మీద గుంట చేసి పోసిన నెయ్యి. సాయంత్రం మినప వడలు. ఇవేవీ తీపి కాదు కాబట్టి ఇవన్నీ మందులే అన్నది మా ఇంటి శాస్త్రం. పైగా చక్కెర జబ్బుకు రాగులు మంచివని ఎవరో చెప్పారు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టయింది. మూడు పూటలా సంగటి, మూడు పూటలా మారు.

అప్పట్లో ఇంట్లో చక్కెర చూసుకోవడానికి ఒక గాజు గొట్టం, ఒక నీలి మందు ఇచ్చేవాళ్లు. మందులో కొన్ని ఒంటేలు చుక్కలు వేసి, దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే మంచిది. ఆకుపచ్చగా మారితే కొంచెం, ఇటుక రంగుకు తిరిగితే మరీ ఎక్కువ. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా నేనే కాచేదాన్ని. బెల్లం మానేసి ఆరు నెలలైనా గొట్టంలో ఇటుక రంగే. చొక్కాల కుట్లు ఇంకోసారి వదలాల్సి వచ్చింది. ఈసారి అమ్మ వాకిట్లో కూర్చోలేదు, లోపలి గదిలో కూర్చుని కుట్టింది.

నాకు ఒళ్లు మండింది. ఆ సెలవుల్లోనే ఇద్దర్నీ బస్సెక్కించి తిరుపతిలో ఒక లేడీ డాక్టరు దగ్గరకు తీసుకుపోయాను. ఆమె నాకంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది, అంతే. కాలి వేలు చూసింది, కాగితాలు చూసింది, తర్వాత దర్జీ టేపులాంటిది తీసి నాయన బొజ్జ చుట్టూ కొలిచింది. అమ్మకు పాత అలవాటు. "చొక్కా గుడ్డ జాస్తి పడతాదమ్మా," అంది, కాస్త గర్వంగానే. డాక్టరు నవ్వలేదు.

"పెద్దాయనా, మీ ఒంట్లో ఇన్సులిన్ అనేది ఒకటి తయారవుతుంది. రక్తంలో ఉన్న చక్కెరను కండల్లోకి పంపేది అదే. మీలాంటి ఒళ్లున్నవాళ్లకు చాలామందికి అది లేక కాదు జబ్బు, ఉన్నది పనిచేయక. బొజ్జలో కొవ్వు పేరుకుపోయి, అక్కడ చాలక కాలేయంలోకీ కండల్లోకీ చేరితే, ఇన్సులిన్ చెప్పిన మాట అవి వినవు. చక్కెర లోపలికి పోలేక రక్తంలోనే నిలిచిపోతుంది."

"నేను బెల్లం ముట్టి ఆరు నెల్లైందమ్మా," అన్నాడు నాయన.

"మంచిదే. కానీ నూనె, నెయ్యి, వేరుశెనగ, కడుపుకు మించిన సంగటి, ఇవన్నీ కూడా చివరకు ఆ బొజ్జలోకే పోతాయి."

నాయన వేళ్ల మీద ఏదో లెక్క కట్టాడు. తర్వాత ఆయన ముఖంలో మండీలో బేరం కుదిరినప్పటి వెలుగు వచ్చింది. "అట్లంటే గోడౌన్ నిండిపోయుండాదన్న మాట. హమాలీలు ఉండారు, బండ్లు వస్తానే ఉండాయి. దించను లోపల జాగా లేదు. బండ్లన్నీ రోడ్డు మీదే నిలబడిపోయినాయి."

"ఇంకా హమాలీలను పిలిపిస్తే?" అంది డాక్టరు.

"పిలిపిస్తే రవంత ఇరికిస్తారు. అయితే ఎన్నాళ్లు? గోడౌన్ ఖాళీ చెయ్యల్ల."

డాక్టరు అప్పుడు నవ్వింది. "ఇన్సులిన్ సూది అంటే బయటి నుంచి హమాలీలను తెచ్చి పెట్టడమే. అవసరమైతే పెడతాను, అందులో తప్పేమీ లేదు. ఈ వేలి పుండు చూస్తే ఎక్కువ రోజులు ఆగలేను కూడా. ఒక్క మూడు నెలలు చూస్తాను. బొజ్జ తగ్గించండి, రోజూ నడవండి. సరే, పూటకు ఎంత తింటారు?"

"ఒక ముద్ద," అన్నాడు నాయన.

"రెండు," అంది అమ్మ వెంటనే. "ఒగటి మారు."

"ఆ రెండోది మానెయ్యండి," అని డాక్టరు చీటీ రాయడం మొదలుపెట్టింది. ఆమెకు అది చిన్న మాట. మా అమ్మకు ఎంత మాటో ఆమెకెలా తెలుస్తుంది?

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. పూతలపట్టు దగ్గర తన పుట్టింటి పల్లెకు దారి చీలే చోటు కూడా చూడకుండా దాటేసింది. తర్వాత మెల్లగా నాతో అంది. "బొజ్జే రోగమైతే, ఆ రోగం పెట్టింది నేనే గదా మే?" నేను కాదని ఏదో చెప్పబోయాను. "గమ్మునుండు," అంది. వెనక సీట్లో నాయన నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాడు. అంతా విన్నాడని నాకు తెలుసు.

మర్నాటి నుంచి నాయన తెల్లవారి కాణిపాకం రోడ్డులో నడక మొదలుపెట్టాడు. గుడిదాకా పోయేవాడు కాదు. దూరం నుంచే దండం పెట్టి వెనక్కి తిరిగేవాడు. గుడి దాకా పోతే ప్రసాదం కాదనలేనని ఆయనే చెప్పాడు. మురుకుల డబ్బా అటక మీదకు పోయింది. అంతా బాగానే ఉంది, అన్నం దగ్గర తప్ప.

అమ్మ ఒక ముద్ద కంచంలో వేసి, పప్పు పోసి, పెరట్లోకి వెళ్లిపోయేది. మారు లేకుండా ఆయన లేవడం ఆమె చూడలేకపోయేది. నాయన ముద్ద అయిపోయాక కూడా చెయ్యి ఎండిపోయేదాకా కంచం ముందు అలాగే కూర్చునేవాడు. ఆమె వస్తుందేమోనని. ఆమె వచ్చేది కాదు. తర్వాత ఆమె కూడా సగం కడుపుతో లేచేది. ఇద్దరికీ ఒకరితో ఒకరికి మాటల్లేవు. మామూలుగానే అమ్మ నాయనతో ఏం చెప్పాలన్నా నా మీదుగా చెప్పేది. ఇప్పుడు అదీ లేదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది మా ఇంటి పరిస్థితి.

ఒక ఆదివారం మధ్యాహ్నం నాకు ఓపిక చచ్చిపోయింది. పెరట్లో ఉత్తపుణ్యానికి గిన్నెలు తోముతున్న అమ్మను చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చి, "ఏందిది? డాక్టరు ముద్ద మానమనింది గానీ మాటలు మానమనిందా? నువ్వు చెప్పు నాయనా, నీకు ఆకలేస్తాందా?" అని అరిచాను.

నాయన కంచం వైపు చూస్తూ, "లేదు," అన్నాడు.

"అబద్ధాలు. రెండు ముద్దలు తినే మనిషికి ఒగదాంతో యాడ నిండుతాదని అడుగు మే," అంది అమ్మ, నాతోనే.

"నిండతాది," అన్నాడు నాయన. మళ్లీ తనే, "మొదట్నుంచీ ఒగదాంతోనే నిండేది. పెండ్లైన కొత్తల్లోనూ అంతే," అన్నాడు.

అమ్మ చేతిలో తోముతున్న గిన్నె అలాగే ఉంది. పీచు నుంచి నీళ్లు కారుతున్నాయి. నాకు ఊహ తెలిసిన ఇన్నేళ్లలో నా మీదుగా కాకుండా నేరుగా ఆమె ఆయన్ను అడగడం నేను మొదటిసారి విన్నాను. "మరి యాల తినినావు?"

"నువ్వు ముద్ద చేతిలో పెట్టుకోని పక్కన నిలబడుకోనుంటివి. వొద్దంటే నీ మొగం ఎట్లయిపోతాదో అని."

"ఇన్నేండ్లా? రోజూనా?" అమ్మ గొంతు పెద్దదైంది. "నోరుండాది గదా, సాలు అనేదానికేం? కాలు తీసేసే దాకా వచ్చినా సాలు అనవా నువ్వు?" అంటూ గిన్నె నేల మీద పెట్టి, చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు మొదట అర్థం కాలేదు. రెండూ చేస్తోంది.

నాయన తల వంచుకుని, "అనల్లనుకుంటా. నీ చెయ్యి సూస్తే నోరు రాదు," అన్నాడు.

అప్పటిదాకా ఆ ఇంట్లో ప్రేమంటే పెట్టడమే అనుకున్నాను. తినడం కూడా ప్రేమేనని, ఆకలి లేకున్నా తినడం ఇంకా పెద్ద ప్రేమని, దానివల్లే మనిషి ప్రాణం మీదకు రావచ్చని ఆ మధ్యాహ్నం తెలిసింది. ఇద్దరి మీదా కోపమొచ్చింది. ఇద్దర్నీ గట్టిగా పట్టుకోవాలనీ అనిపించింది.

మర్నాడు అమ్మ సంగటి కెలికి, పెద్ద గిన్నె పక్కకు నెట్టి, నా చిన్నప్పటి పాలగిన్నె వెతికి తీసింది. దాన్ని తడిపి, అందులో పట్టేంత చిన్న ముద్ద చేసి నాయన కంచంలో వేసింది. చుట్టూ తోటకూర పప్పు కావలసినంత. నాయన దాన్ని మెల్లగా తిన్నాడు. ఈసారి ఆమె పెరట్లోకి పోలేదు. ఆయన తినడం అయ్యే సమయానికి ఇంకో పాలగిన్నె ముద్ద అరచేతిలో పెట్టుకుని వచ్చి పక్కన నిలబడింది.

"మారు," అంది.

నాయన తలెత్తి ఆ బుల్లి ముద్దను, ఆమెను చూసి, కంచం ముందుకు జరిపాడు. రెండూ కలిపినా పాత ముద్ద ఒక్కటి కాదు. మర్యాదా నిలబడింది, గోడౌన్ ఖాళీ చేసే పనీ మొదలైంది.

బొజ్జ తగ్గడం అంటే ఇసుకలో నీళ్లు ఇంకినట్టు ఒక్కసారి జరిగే పని కాదు. నెల గడిచినా ఏమీ కనపడలేదు. తర్వాత పంచె ముడి కొంచెం లోపలికి జరిగింది. గొట్టంలో ఇటుక రంగు పోయి ఆకుపచ్చ వచ్చింది. నేను పరీక్షలు రాసి ఇంటికి వచ్చిన రోజు అమ్మ వాకిట్లోనే ఎదురొచ్చి, గాజు గొట్టం వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూపించింది. నీలం. కాచాక కూడా నీలమే. కొత్త చీర చూపించినా ఆమె ముఖం అంత వెలిగి ఉండదు. "నీ కండ్లతో నువ్వే సూడు, మళ్లా నేను అబద్ధం చెప్పినానంటావు," అంది.

వేలి పుండు అంచుల నుంచి ఎండుతూ వచ్చి చివరికి మచ్చ మిగిలింది. తిరుపతి డాక్టరు మాత్రలు సగం చేసింది, సూది మాట ఎత్తలేదు. "జబ్బు పోలేదు, అణిగింది. బొజ్జ వెనక్కొస్తే అదీ వస్తుంది," అని మాత్రం గట్టిగా చెప్పింది. మండీలో బెల్లం చూడటానికి గోరంత ముక్క నాలుకకు తగిలించుకోవచ్చనీ అంది. ఆ రోజు నాయన బస్సులో ఊరికి వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

చొక్కాలన్నీ వదులైపోయాయి. అమ్మ కుట్లు విప్పి, ఇన్నాళ్లూ వదులుతూ వచ్చిన గుడ్డను మళ్లీ లోపలికి మడిచి కుట్టింది. మొదట్లో లోపలి గదిలో కూర్చుని కుట్టేది. కొన్నాళ్లకు వాకిట్లోకి వచ్చింది.

అయితే ఊరికి ఇదంతా ఏం తెలుసు? షావుకారు చిక్కినాడంటే వ్యాపారం దెబ్బతిని ఉండాలి, లేదా ఇంట్లో పట్టించుకోవడం లేదని లెక్క. ఆ ఏడే తిరుపతి సత్రంలో మా బంధువుల పెళ్లి జరిగింది. మగవాళ్ల పంక్తి సాగుతుంటే, ఆడవాళ్ల మధ్య కూర్చున్న అమ్మను మా దూరపు చుట్టం ఒకామె అందరూ వినేలా అడిగింది. "ఏంమే, మీ ఆయన గుంజ మాదిరి అయిపోయినాడే! కూడు పెట్టేదిలేదా ఏంది?"

కాపురానికి వచ్చిన రోజు నుంచీ అమ్మ భయపడిన మాట అదే. ఆ ఒక్క మాట పడకూడదనే అన్ని ముద్దలు పెట్టింది, అన్ని కుట్లు విప్పింది. నేను నోరు తెరవబోయేలోపే ఆమె నింపాదిగా తమలపాకుకు సున్నం రాసుకుంటూ, "పెడతాండా మే. మారు గూడా పెడతాండా," అంది.

పంక్తిలో వడ్డించే మనిషి అన్నం గంపతో నాయన దగ్గర ఆగాడు. నాయన ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "సాలప్పా, సాలు," అంటున్నాడు. ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదలు. అమ్మా విన్నది. నా మోచెయ్యి పొడిచి, "సూసినావా, బయటోళ్ల దగ్గరైతే నోరు బాగానే వస్తాది," అని నవ్వింది. కళ్లు తుడుచుకుంది కూడా.

ఇంట్లో ఆమెతో మాత్రం ఆ మాట ఆయన బతికినన్నాళ్లూ అనలేదు. అనాల్సిన అవసరం ఆమె రానివ్వలేదు.